సవరణ: అచ్చు గట్టిపడకపోతే మట్టిని అనుమానించండి

యుద్ధ ఆటల బొమ్మలకు డాళ్లు, రివెట్లు, బకిల్స్ ఇంట్లోనే తక్కువ ఖర్చుతో పోత పోసుకోవడం గురించి రాసినప్పుడు ఒక తప్పు చెప్పాను. మూల నమూనాను మోడలింగ్ క్లేలో సగం వరకు పూడ్చి, అచ్చు కోసం పైన ఏ సిలికోన్ (గట్టిపడ్డాక రబ్బరులా మారే ద్రవం) పోసినా సరే అన్నాను. అది నిజం కాదు.

అచ్చుల సిలికోన్‌లో ముఖ్యంగా రెండు రకాలు: టిన్‌తో గట్టిపడేది, ప్లాటినంతో గట్టిపడేది. కొన్ని మోడలింగ్ క్లేలలో గంధకం ఉంటుంది. అది తగిలిన చోట ప్లాటినం సిలికోన్ గట్టిపడదు, ఎన్నాళ్లు ఆగినా బంకగానే ఉంటుంది. లేటెక్స్ గ్లవ్స్ తగిలినా ఇదే ఇబ్బంది రావచ్చు, వినైల్‌వి వేసుకోండి. గంధకం లేని క్లే కొనడం మంచిది. టిన్ రకానికి గంధకంతో పేచీ లేదు కానీ, ఆ అచ్చు కాలక్రమేణా కాస్త కుంచించుకుపోతుంది. ఏది వాడినా ముందు చిన్న క్లే ముద్ద మీద నాలుగు చుక్కలు వేసి, డబ్బా మీద రాసిన సమయం దాకా ఆగి చూడండి. ఎన్నో గంటలు కూర్చుని చెక్కిన నమూనా బంకలో ఇరుక్కుంటే ప్రాణం ఉసూరుమంటుంది. నా మాట నమ్మి అలా నష్టపోయినవాళ్లు నన్ను క్షమించాలి.

అచ్చు రెండో సగం పోసే ముందు మొదటి సగానికి పల్చగా వాజలీన్ పూయాలన్న మాట కూడా అందులో రాయలేదు. పూయకపోతే రెండూ అతుక్కుపోతాయి.

గోడలు, శిథిలాల కోసం థర్మకోల్ వాడేవాళ్లకు ఇంకొకటి. స్ప్రే ప్రైమర్ (రంగుకు ముందు కొట్టే పూత) నేరుగా కొడితే థర్మకోల్ కరిగిపోతుంది. ముందు ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు పూత వేసి, పూర్తిగా ఆరాక అక్రిలిక్ రంగును బ్రష్‌తో వేయండి.