పార్క్‌ పేరు ఎత్తేవారు పార్క్‌కు దక్కినది ఇస్తారా?

విశాఖ ఉక్కును అమ్మాలన్న మాట వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు దక్షిణ కొరియా ఉక్కు నగరం పోహాంగ్‌ను ముందుకు తెస్తున్నారు. కొరియావాళ్లను చూసి నేర్చుకోండి, అక్కడి ఉక్కు కంపెనీని నిలబెట్టిన పార్క్ టే-జూన్ లాంటి మొనగాడు ఒక్కడుంటే చాలని హితబోధ. నేర్చుకోవలసిందే. కానీ ఆ చరిత్రలో తమకు పనికొచ్చే ముక్క తుంచుకుని తక్కినది దాచిపెట్టడం ప్రజలను మోసగించడమే. 1968 ఏప్రిల్ 1న ఆ పోహాంగ్ ఉక్కు కంపెనీ పోస్కో పుట్టింది కొరియా ప్రభుత్వమూ, ప్రభుత్వ టంగ్‌స్టన్ కంపెనీ పెట్టిన మూలధనంతో. జనానికి వాటాలు అమ్మింది 1988లో. పూర్తిగా ప్రైవేటుపరమైంది 2000లో. అప్పటికి పోహాంగ్, గ్వాంగ్‌యాంగ్ కర్మాగారాలు రెండూ సర్కారు నీడలోనే పూర్తయ్యాయి.

పార్క్ ఒంటి చేత్తో చేశాడనడమూ అబద్ధమే. 1927లో బూసాన్ దగ్గర పుట్టి, చిన్నప్పుడే జపాన్ వెళ్లి, వాసెడా విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజినీరింగ్‌లో చేరి, చదువు మధ్యలో స్వదేశం చేరారాయన. 1948లో సైనిక అకాడమీలో ఆయనకు పాఠం చెప్పిన అధికారి పార్క్ చుంగ్-హీ. 1961లో ఆ గురువు తిరుగుబాటుతో గద్దెనెక్కగానే శిష్యుడు ఆయనకు ముఖ్య కార్యదర్శి. 1964లో టంగ్‌స్టన్ కంపెనీ బాధ్యత, ఆ తర్వాత ఉక్కు. అయిదు పాశ్చాత్య దేశాల కంపెనీల కూటమి డబ్బు తేలేకపోయింది, ప్రపంచ బ్యాంకు తొందరపాటు వద్దంది. అప్పుడు కన్ను పడింది 1965 ఒప్పందం కింద జపాన్ ఇచ్చే 30 కోట్ల డాలర్ల గ్రాంటు, 20 కోట్ల డాలర్ల రుణం మీద. అందులోంచి సుమారు 12 కోట్ల డాలర్లను ఉక్కుకు మళ్లించారు. జపాన్ ప్రభుత్వం కంటే ముందు అక్కడి ఉక్కు పెద్దలను, యవాటా ఉక్కు కంపెనీ అధినేత ఇనయామా యోషిహిరో వంటివారిని, పార్క్ వాళ్ల భాషలోనే ఒప్పించారు. ఆ డబ్బు జపాన్ వలస పాలనలో వెట్టిచాకిరీ చేసినవారి చెమటకు పరిహారం కావలసింది. వారి కుటుంబాల ఫిర్యాదు నేటికీ తీరలేదు. 2023లో బాధితుల ఫౌండేషన్‌కు పోస్కో 400 కోట్ల వాన్ ఇచ్చిందంటే ఆ అప్పు ఉందని అందరికీ తెలుసు కనుకనే.

డబ్బు కంటే విలువైనది ఒక కాగితం. 1970 ఫిబ్రవరి 3న పార్క్ టే-జూన్ రాసుకెళ్లిన వినతిపై అధ్యక్షుడు పార్క్ చుంగ్-హీ సంతకం పెట్టారు. యంత్రాలు అమ్మేవారితో కంపెనీయే నేరుగా బేరమాడవచ్చు, నమ్మకమైన సరఫరాదారుతో టెండరు లేకుండా ఒప్పందం చేసుకోవచ్చు, అవసరమైతే ప్రభుత్వం హామీ ఉంటుంది. కమీషన్ల కోసం, పార్టీ చందాల కోసం వచ్చేవారిని గుమ్మంలోనే ఆపింది ఆ సంతకమే.

ఆ అండతోనే పనిని తిరగేసి మొదలుపెట్టారు. ఖనిజాన్ని కరిగించే కొలిమి, అంటే బ్లాస్ట్ ఫర్నేస్ కంటే ముందు 1972లో ఉక్కును మందపు పలకలుగా సాగదీసే ప్లేట్ మిల్లు, ఆ తర్వాత రేకులుగా సాగదీసే హాట్ స్ట్రిప్ మిల్లు నిలబెట్టారు. స్లాబులు, అంటే ఉక్కు దిమ్మెలు, దిగుమతి చేసుకుని సాగగొట్టి అమ్ముతుంటే కొలిమి వెలగకముందే రాబడి మొదలవుతుంది, మిల్లు కార్మికుల చేయి తిరుగుతుంది. 1973 జూన్ 9న తొలి ముడి ఇనుము పారింది. 1970 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన మూడేళ్లు దాటాక వచ్చిన ఫలితమది. తొలి దశ సామర్థ్యం ఏడాదికి 10.3 లక్షల టన్నులే. 1976కు 26 లక్షలు, 1978కి 55 లక్షలు, 1981కి 85 లక్షలు. 1977లో కొలిమికి గాలి ఊదే ప్లాంటు కాంక్రీటు లోపంగా పడిందని తేలితే, 80 శాతం పూర్తయిన కట్టడాన్ని గుత్తేదారుల ఎదుటే పేల్చివేశారు. ఖర్చెవరిదని, ఆడిట్ ఏమంటుందని ఏళ్ల తరబడి ఫైలు తిరిగే చోట ఏ అధికారి అయినా ఆ పని చేయగలడా?

విశాఖకు శంకుస్థాపన 1971 జనవరి 20న, పోహాంగ్ పని మొదలైన పది నెలలకే. జాతికి అంకితమైంది 1992 ఆగస్టు 1న. 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఫ్యాక్టరీకి నిధులు చుక్కచుక్కగా విదిల్చి, ఆలస్యానికి పెరిగిన వడ్డీని దాని నెత్తినే రుద్ది, ఇప్పుడు నష్టాలెందుకని నిలదీస్తున్నారు. నష్టాలు భారీవే, 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రజల సొమ్మే, కాదనం. కానీ పార్క్‌కు దక్కినదాంట్లో ఏది విశాఖకు దక్కింది?

పోహాంగ్‌కూ సొంత గని లేదుగదా అంటారు. నిజమే. కానీ దాని పక్కన ఉన్న జపాన్‌కూ లేదు. పోటీదారులంతా ఒకే సముద్ర మార్కెట్లో కొనేవారే. ఇక్కడ టాటాకు గని ఉంది, సెయిల్‌కు ఉంది, విశాఖకు లేదు. ఈ తేడా పోస్కోకు బాగా తెలుసు. అందుకే 2005 జూన్ 22న ఒడిశాతో ఒప్పందంలో 60 కోట్ల టన్నుల ఖనిజం రాయించుకుంది. తమలపాకు తోటల రైతులు కదలలేదు, 2015 గనుల చట్టంతో వేలం తప్పనిసరై గని అందకుండా పోయింది. 2017కల్లా సర్దుకుని వెళ్లిపోయింది. విదేశీ కంపెనీ గని లేకుండా రానంటే అది వ్యాపార దక్షత, విశాఖ కార్మికుడు అదే గని అడిగితే గొంతెమ్మ కోరికా? 2019లో అదే పోస్కోతో విశాఖ భూమిలో కొత్త ప్లాంటుకు ప్రాథమిక ఒప్పందం కుదుర్చుకున్నప్పుడు ఈ ప్రశ్న ఎందుకు రాలేదు?

ముడిసరుకు ఆగితే కొలిమి ఆగదు, చచ్చిపోతుంది. గాలి తగ్గించి నడిపితే టన్నుకు కోకు వినియోగం పెరుగుతుంది, లోపలి ఇటుక దెబ్బతింటుంది, అడుగున ఇనుము గడ్డకడితే తిరిగి వెలిగించడానికి నెలలు. 2024లో విశాఖలో మూడింటికి ఒక్కటే నడిచిన రోజులున్నాయి. ఆ దుస్థితి కార్మికుడి సోమరితనం వల్ల వచ్చిందని చెప్పేవారికి ఫర్నేస్ అంటే తెలియదు, తెలిసీ అంటే సిగ్గు లేదు.

నియంత సంతకం మనకు అక్కర్లేదు. మనిషి మీద ఆధారపడిన రక్షణ ఎలాంటిదో పార్క్ బతుకే చెబుతోంది. 1992లో, అధ్యక్షుడు కాబోతున్న కిమ్ యంగ్-సామ్‌తో చెడగానే పదవి పోయింది, 1993లో పన్నుల దర్యాప్తు, జపాన్‌లో నాలుగేళ్ల అజ్ఞాతవాసం. 2000లో ప్రధాని అయి, ఆస్తుల వివాదంలో నాలుగు నెలలకే దిగిపోయారు. ఇక్కడ కావలసింది చట్టంలో రాసిన హామీ: సొంత గని, నేరుగా కొనుగోలు చేసే అధికారం, కొన్నేళ్లయినా కదపని యాజమాన్యం. మంత్రులు ఇవి ఎప్పుడిస్తారో తేదీతో చెప్పాలి. అంతవరకు పోహాంగ్ పేరు ఎత్తకండి.