వంటింటి గడపమ్మా, తీసుకున్నవన్నీ తిరిగిచ్చెయ్

గడపమ్మకు,

మామూలుగా అయితే నమస్కారంతో మొదలుపెట్టాల, కానీ ముప్పై ఏళ్ళుగా శుక్రవారం శుక్రవారం నీకు పసుపు రాసి బొట్లు పెట్టి నా వేళ్ళు పచ్చబడినాయే గానీ నువ్వు నాకు చేసిన మేలు ఒకటీ కనపడలేదు, అందుకే ఈసారి నేరుగా విషయానికి వస్తాండా.

ఈ పొద్దు ఏడున్నరకు హాల్లో నుంచి వంటింట్లోకి ఒక పని మీద వచ్చినా. నీ అవతల ఉన్నంతసేపూ ఆ పని నా నెత్తిలో ఉంది, ఒట్టు. కాలు ఇవతల పెట్టినానో లేదో మాయం. పొయ్యి చూసినా, సింకు చూసినా, ఫ్రిజ్ తలుపు తీసి లోపల లైటు వెలుగుతాందని నిర్ధారించుకుని మళ్ళీ మూసినా. ఇంత దూరం వచ్చి వట్టి చేతులతో పోవడం ఎందుకని డబ్బాలో నుంచి ఒక చెనిక్కాయల ఉండ తీసి నోట్లో వేసుకుని, హాల్లోకి పోయి సోఫాలో కూర్చున్నాక ఎడమ గుప్పిట జిగటగా ఉంటే తెరిచి చూసినా. లోపల షుగర్ మాత్ర, చెమటకు సగం కరిగి ఉంది. అదీ సంగతి, మాత్ర వేసుకునేదానికి నీళ్ళ కోసం పోయి బెల్లం ఉండ తినొచ్చినా. దీన్ని ఏమంటారు చెప్పు? కర్నూలు రోడ్డులో టోల్‌గేటు కూడా నీకంటే నయం, వాళ్ళు డబ్బు కోసుకున్నా ఫోన్‌కు ఒక మెసేజ్ అన్నా పంపుతారు. నువ్వు నా నెత్తిలో ఉన్నది కోసుకుని రసీదు కూడా ఇవ్వవు.

ఊరి పేరులోనే మీ వాళ్ళున్నారని నీకు పొగరేమో. తిరుమలకు గడప కాబట్టి దేవుని గడప అన్నారు, అదే దేవుని కడప అయింది, మేమంతా గడపలో పుట్టి గడపలో పెరిగిన వాళ్ళమే అని పెద్దలు చెప్తారు. ఆ లెక్కన ఊరు ఊరంతా మతిమరుపు ఉండాల, ఉంది కూడా అనుకో. ఈ ఊరి ఇంగ్లీషు స్పెల్లింగ్ 2005లో మారింది, 2010లో జిల్లాకు వైఎస్సార్ అని పేరొచ్చింది, 2025లో దాని వెనకాల మళ్ళీ కడప వచ్చి చేరింది. బ్యాంకులో ఫారం నింపేటప్పుడు నేను జిల్లా అనే గీత దగ్గర పెన్ను ఆపితే కౌంటర్ పిల్లోడు "ఏమ్మా, గుర్తు రాలేదా" అని జాలిగా చూస్తాడు. నాకు మూడూ గుర్తున్నాయి నాయనా, ఈ నెల ఏది నడుస్తాందో నువ్వు చెప్పు అన్నా.

నేనెవరో నీకు తెలియకపోతే చెప్తా విను. 1979లో టెలిఫోన్ డిపార్ట్‌మెంట్‌లో చేరినా, ట్రంక్ ఆపరేటర్‌గా, అంటే ఒక ఊరి ఫోన్‌ను ఇంకో ఊరికి చేత్తో కలిపే పని. చెవులకు హెడ్‌సెట్, ముందర బోర్డు, చేతినిండా వైర్లు. ఆర్డినరీ కాల్, దానికి రెట్టింపు రేటు అర్జెంట్ కాల్, ఎనిమిది రెట్ల రేటు లైట్నింగ్ కాల్, మనిషి పేరు చెప్పి పిలిపించే పీపీ కాల్, ఎవరు ఏది బుక్ చేసుకున్నారో టికెట్ చూడకుండా చెప్పేదాన్ని. ఊర్లో డాక్టర్లవి, వక్కల మండీవి, సినిమా హాళ్ళవి నెంబర్లు నోటికి ఉండేవి. మూడు నిమిషాలు అయినాయంటే గడియారం చూడకుండా "త్రీ మినిట్స్ ఓవర్" అనేదాన్ని. గొంతు వింటే చాలు ఎవరో చెప్పేదాన్ని, గొంతు విని వాళ్ళింట్లో శుభమా అశుభమా కూడా చెప్పేదాన్ని, అది వేరే కథ. అట్లాంటి మనిషిని నువ్వు అడుగు అడుగునా నిలబెట్టి దోచుకుంటాండావు.

పోనీ అన్నీ తీసుకున్నావా అంటే అదీ లేదు, పనికిరానివి మాత్రం భద్రంగా వదిలిపెట్టినావు. ఊర్ల ఎస్టీడీ కోడ్లు, కడప 08562, ప్రొద్దుటూరు 08564, అనంతపురం 08554, కర్నూలు 08518, నిద్రలో లేపి అడిగినా చెప్తా. ఎవరికి కావాల ఇప్పుడు? కావాల్సింది ఓటీపీ, అది హాల్లో ఉన్న ఫోన్‌కు వస్తుంది, గ్యాస్ అబ్బాయి వాకిట్లో నిలబడి అడుగుతాడు, మధ్యలో మీ చెల్లెలు హాలు గడప. నాలుగు ఆరు రెండు వరకూ వస్తాయి, మిగతావి మీ చెల్లెలు తీసుకుంటుంది. మీరంతా ఒకటే వంశం కదా.

మొన్న ఉగాదికి బెంగళూరు నుంచి పిల్లలొచ్చినారు. దేవుని కడపకు పోయినాం, ఉగాది పొద్దున అక్కడ ముస్లింలు కూడా వరసలో నిలబడి ఉంటారు, బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డ, స్వామి మా అల్లుడు అంటారు వాళ్ళు, ఎన్ని తరాలైనా ఆ చుట్టరికం వాళ్ళు మర్చిపోలేదు. నేను మాత్రం టెంకాయ ఇంట్లో మర్చిపోయినా. అంతే, దావ పొడుగునా మా వాడు ఒకటే క్లాసు. "మ్మా, నీకు ఏజ్ అయిపోతాంది, చూపించుకోవాల, అశ్రద్ధ చేయొద్దు." సరే నాయనా అన్నా. అదే కొడుకు మరుసటి రోజు లాప్‌టాప్ చార్జర్ ఒకటి, పిల్లోడి స్కూల్ బూట్లు ఒక జత, కోడలు అడిగి అడిగి చేయించుకున్న ఊరగాయ సీసా ఒకటి ఇక్కడే వదిలేసి బెంగళూరు పోయినాడు. కొరియర్ ఖర్చు నాది. ఫోన్‌లో అడిగితే "వర్క్ స్ట్రెస్ మ్మా" అన్నాడు. మర్చిపోయింది నేనైతే వయసు, వాడైతే స్ట్రెస్, మా ఆయన మర్చిపోతే "నువ్వు గుర్తు చేయలేదు". ఈ మూడో దానికి ఏ డాక్టరు దగ్గరా మందు లేదు.

డాక్టరు అంటే గుర్తొచ్చింది, పోయినా, చూపించుకున్నా, భయపడి కాదు, వాడి నోరు మూయించేదానికి. ఆయమ్మ మంచిది. గులాబీ, ఏనుగు, కుర్చీ అని మూడు మాటలు చెప్పి కాసేపాగి అడుగుతా గుర్తు పెట్టుకోమంది. నూటిలో నుంచి ఏడేడు తీసేస్తా పొమ్మంది. తొంభైమూడు, ఎనభైఆరు, డెబ్బైతొమ్మిది, గడగడా చెప్పినా. కాగితం ఇచ్చి గడియారం గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించమంది, గీసినా, కొంచెం వంకర పోయింది గానీ అది చెయ్యి వణుకు, తల వణుకు కాదు. రక్తం తీసి థైరాయిడ్ చూసినారు, బి12 చూసినారు. బి12 తక్కువ. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ళ తరబడి మింగితే అట్లా తగ్గొచ్చంట, పైగా మేము గుడ్డు కూడా ముట్టం. ఇంజెక్షన్లు రాసింది. రాత్రిళ్ళు ముక్కు కారుతాందని నేను వేసుకునే నిద్రొచ్చే పాతరకం జలుబు మాత్ర ఒకటుంది, అది కూడా మతిని మందం చేస్తుంది, మానెయ్ అంది. నాకు అర్థమయింది ఏందంటే, దొంగతనాలన్నీ నీ ఖాతాలో రాసినా గానీ కొన్ని మందుల పెట్టెలో జరుగుతాండాయి. ఆ మేరకు నీకు సారీ. గులాబీ, ఏనుగు, కుర్చీ ఇప్పటికీ గుర్తున్నాయి, నా గొడుగే ఆయమ్మ రూములో మర్చిపోయి వచ్చినా.

ఇక్కడ ఒక మాట, దీంట్లో ఎగతాళి లేదు. మా పెద్దక్క పదినిమిషాల్లో నాలుగుసార్లు "ఎప్పుడొచ్చినావ్ మ్మే" అని అడుగుతుంది. నలభై ఏళ్ళు ఉన్న వీధిలో పాలకు పోయి దావ తెలీక ఎవరిదో అరుగు మీద కూర్చుంది, ఆటో పిల్లోడు తెచ్చి దించినాడు. నువ్వు తీసుకుంటే సోఫాలో కూర్చున్నాక తిరిగొస్తుంది, అక్కది తిరిగి రాదు. వాళ్ళింట్లో ఏడాది దాకా పెద్దతనంలే అని సర్దుకున్నారు, అది తప్పు. నా మాత్ర కథకూ అక్క కథకూ తేడా తెలియని వాళ్ళు నన్నేమో హడలగొట్టినారు, ఆమెనేమో అశ్రద్ధ చేసినారు.

సరే, నీ సంగతికి వద్దాం. మనవడు ఫోన్‌లో వెతికి చెప్పినాడు, "జేజీ, నీదొక్కదానిదే కాదు, దీని మీద సైన్సు ఉంది" అని. అమెరికాలో నోత్రదామ్ యూనివర్సిటీలో రాడ్వాన్‌స్కీ అని ఒకాయన 2011లో మనుషులను గదుల్లో తిప్పి చూసినాడంట, బల్ల మీద ఉన్న వస్తువు తీసుకో, ఇంకో గదిలోకి పో, తీసుకున్నది ఏందో చెప్పు, ఇదీ పరీక్ష. ఒకే గదిలో అంతే దూరం నడిచిన వాళ్ళకంటే వాకిలి దాటిన వాళ్ళు ఎక్కువ మర్చిపోయినారంట. గది మారితే మనసు పాత గది ఫైలు మూసి కొత్త ఫైలు తెరుస్తుందంట. మళ్ళీ పాత గదికి పోతే గుర్తొస్తుందా అంటే, అదీ పెద్దగా పని చేయలేదంట. మా అమ్మ అయితే "వచ్చిన దావనే వెనక్కి పో, గుర్తొస్తుంది" అనేది, ఎవరి లెక్క వాళ్ళది. అసలు మాట ఏందంటే, ఆ నడిచిన వాళ్ళంతా కాలేజీ పిల్లలు! ఇరవై ఏళ్ళ పిల్లోళ్ళు! ఆ ముక్క నేను ఫ్యామిలీ గ్రూపులో మూడుసార్లు పెట్టినా, నా కొడుకు ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

నిజానికి ఇది మా జేజికి ఎప్పుడో తెలుసు. అత్తారింట్లో కుడుములు తిన్న అల్లుడు ఇంటికి పోయి చేయించుకోవాలని "కుడుములు కుడుములు" అనుకుంటా పోయి, దావలో పిల్లకాలవ దూకేసరికి పేరు మారిపోయి, ఇంట్లో పెళ్ళాన్ని ఇంకేదో చేయమని కొట్టిన కథ మీరూ విన్నదే. ఆ కాలవ నీకు అక్క అయ్యుంటుంది.

అయితే నీ మీద కేసు ఇక్కడే బలహీనపడింది. 2021లో ఆస్ట్రేలియాలో బాండ్ యూనివర్సిటీ వాళ్ళు కంప్యూటర్ గదులు కట్టి మళ్ళీ చూస్తే, ఉత్తగా వాకిలి దాటితే పెద్దగా ఏమీ పోలేదంట. నెత్తిలో ఇంకో పని కూడా పెట్టి నడిపిస్తే అప్పుడు మర్చిపోయినారంట. అది వినగానే నేను గరిటె కింద పెట్టి అట్లే నిలబడినా. అంటే దొంగవు నువ్వొక్కదానివే కాదు, నీతో కుమ్మక్కైన వాళ్ళు హాల్లో కూర్చుని టీవీ చూస్తాండారు!

ఈ పొద్దు ఏడున్నరకు ఏం జరిగిందో ఇప్పుడు చెప్తా, రాసుకో. నేను మాత్ర చేతిలో పెట్టుకుని లేచినా. నిన్ను చేరేలోపల ఆయన "నా బీపీ చీటీ యాడ పెట్టినావ్" అన్నాడు. పైన ట్యాంకు నిండి పొర్లుతాంది, మోటార్ ఆపాల. కుక్కర్ రెండో విజిల్ వేసింది, మూడోది లెక్కపెట్టాల. కోడలు వీడియో కాల్‌లో "అత్తా, ఓళిగల పిండి ఎంతసేపు నానాల" అంది. పాలోడు బెల్లు కొట్టినాడు. పనమ్మాయి రేపు రాను అని చెప్పింది, అది నేనే గుర్తుంచుకోవాలంట, నాలుగు రోజుల తర్వాత ఆ పిల్లకే జీతంలో లెక్క చెప్పాల. మళ్ళీ ఆయన, ఈసారి చీటీ సంగతి కాదు, "మన పెళ్ళిలో నాదస్వరం వాయించినాయన ఏ ఊరోడు?" అంట!

చిన్నప్పుడు మా నాయన ప్రొద్దుటూరుకు పిల్చుకపోయి అష్టావధానం చూపించినాడు. సి.వి. సుబ్బన్న శతావధాని గారి ఊరు కదా అది, అక్కడ అంగడి మెట్ల మీద కూర్చున్నాయన కూడా పద్యానికి తల ఊపుతాడు. చుట్టూ ఎనిమిది మంది కూర్చుని ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు ఈ అక్షరం వద్దంటారు, ఒకరు మధ్య మధ్యలో గంట కొడతారు, ఆ గంటలు లెక్కపెట్టాల, ఒకాయన పని కట్టుకుని సంబంధం లేని ప్రశ్నలు వేసి దారి తప్పిస్తాడు, దాన్ని అప్రస్తుత ప్రసంగం అంటారు. చివర్లో అవధాని పద్యాలన్నీ పొల్లుపోకుండా ధారణ చేస్తే జనం చప్పట్లు, శాలువా. ఇప్పుడు నువ్వే చెప్పు, కుక్కర్ గంట కొడతాంది, కోడలు సమస్య ఇచ్చింది, ఆయన నలభై ఐదేళ్ళుగా అప్రస్తుత ప్రసంగమే చేస్తాండాడు, నేను ఏడింటిని నిలబెట్టి ఎనిమిదోది ఒక్కటి జారవిడిస్తే "మతిమరుపు". శాలువా లేదు సరే, కనీసం అవధానికి ఇంకొకరి బీపీ చీటీ వెతికే పని ఎవరూ పెట్టలేదు కదా.

కాబట్టి మనిద్దరం రాజీకి వద్దాం. నేను ఆపరేటర్ అలవాటు మళ్ళీ మొదలుపెట్టినా, నీ మీద కాలు పెట్టేముందు పని పేరు బయటికి చెప్తా, "వంటిల్లు, నీళ్ళు, మాత్రకు" అని, పీపీ కాల్ చెప్పినట్టు. తాళాలు, మాత్రలు, చీటీలు ఫ్రిజ్ పక్కన ఒకే పళ్ళెంలో. మోటార్‌కు ఫోన్‌లో అలారం. మూడో విజిల్ లెక్కపెట్టే బాధ్యత ఆయనకు అప్పగించినా, మొదటి రోజు ఐదు దాకా పోనిచ్చినాడు, అన్నం గంజి అయింది, గుర్తు చేయలేదని నన్నే అన్నాడు. మంచిదే, మాడిపోయేదాకా అట్లే అనుకోనీ. నువ్వు కూడా ఒక పని చెయ్, ఇకమీదట తీసుకునేది ఆయన దగ్గర తీసుకో. ఆయన నిన్ను దాటేదే తక్కువ, అన్నానికి పిలిస్తేనే వస్తాడు, అందుకే ఆయన జ్ఞాపకశక్తి అంత బాగుంది.

రేపు శుక్రవారం. నీకు పసుపు రాయాల. పసుపు డబ్బా వంటింట్లో ఉంది, నేను హాల్లో ఉన్నా, మధ్యలో నువ్వే ఉండావు. రాయించుకుంటావో లేదో నీ చేతిలోనే పెట్టినా.

ఇట్లు,
నీ ఇవతల నిలబడి ఎందుకొచ్చినానబ్బా అనుకునే
కడప ఎక్స్‌ఛేంజ్ మాజీ ట్రంక్ ఆపరేటర్