మహారాజశ్రీ వాగ్దాన కార్డు గారికి

అయ్యా, ప్రభువు నామమున వందనాలండి.

తమరు క్షేమమేనని వేరే అడగక్కర్లేదు. టీవీ స్టాండు మీద, బీరువా అద్దం అంచున, ఆటో ముందద్దానికి, రొయ్యల చెరువు గట్టున షెడ్డులో స్టార్టరు డబ్బాకి, నరసాపురం నుంచి అమలాపురం దాకా ఎక్కడ చూసినా తమరే. ముందువైపు మంచుకొండో జలపాతమో, మొత్తానికి ఈ లంకల్లో ఎవరూ ఎన్నడూ చూడని సీనరీ. దాని మీద బంగారు రంగు అక్షరాల్లో ఒకే ఒక్క బైబిలు వచనం. కింద పాస్టరు గారి ఫొటో, వెనక 12 నెలల కేలండరు.

డిసెంబరు 31 రాత్రి తమరి అవతారం చూడ్డానికి రెండు కళ్లూ చాలవండి. పదింటికి చర్చిలో ఆరాధన మొదలు. పన్నెండుకి పావుగంట ఉందనగా అందరూ మోకాళ్ల మీద. పన్నెండు కొట్టాక హ్యాపీ న్యూ ఇయర్లు, ఆ వెంటనే లైను. పళ్లెంలో తమరు బోర్లా పడుకుని ఉంటారు. కళ్లు మూసుకుని ఒకటి తియ్యాలి. ఏది చేతికొస్తే అది ఈ ఏడాదికి దేవుడు నాతో మాట్లాడిన మాట. నచ్చకపోతే మెల్లగా పళ్లెంలో జారవిడిచి ఇంకోటి తీసుకునే వాళ్లున్నారు. చంటిపిల్ల చేత తీయించే వాళ్లూ ఉన్నారు. చిలక జోస్యం పాపమని పోయిన ఆదివారమే ఆమెన్ చెప్పిన చేతులండి ఇవి. పంజరం ఒక్కటే తక్కువ.

తమరి మీద మాకున్న మొదటి ఫిర్యాదు, తమరు అబద్ధమాడతారని కాదు. నిజాన్ని బాగా చిన్న ముక్క కోస్తారని. ద్వితీయోపదేశకాండం 28:13 చూడండి. తలగా ఉంటావు, తోకగా ఉండవు. తమరి గిరాకీలో సగం దీనిదే అనుకుంటాం. ఆ అధ్యాయం మొదటి వచనంలోనే, దేవుని మాట శ్రద్ధగా విని నడిస్తే అన్న షరతుంది. అది కార్డులో పట్టలేదు. మొత్తం 68 వచనాల్లో 14 దాకా దీవెనలు, 15 నుంచి చివరిదాకా, అంటే 54 వచనాలు, వినకపోతే ఏమవుతుందో చెప్పేవి. మీ మేలుకే నా ఉద్దేశాలు అనే యిర్మీయా 29:11 కూడా అంతే. అది బబులోను చెరలో ఉన్నవాళ్లకి ప్రవక్త రాసిన ఉత్తరం. దాని పైవచనంలో బబులోనులో 70 ఏళ్లు గడిచాకే అని ఉంది. అందాకా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని 5వ వచనం. మార్చి కిస్తీకి డబ్బొస్తుందని ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇక ఫిలిప్పీ 4:19, ప్రతి అవసరమూ తీరుతుందన్నది. పౌలు అది బంధకాల్లో ఉండి రాశాడు, ఎపఫ్రొదితు చేతికిచ్చి తనకు సాయం పంపిన విశ్వాసులకి. ఇచ్చినవాళ్లకి రాసిన మాటని పుచ్చుకునే వాళ్ల చేతుల్లో పెట్టడం తమరికే చెల్లింది.

రెండోది, ఇంకా పెద్దది. ప్రభువు నేర్పిన ప్రార్థనలో "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని ఉంది. నేటికి నేడే. అరణ్యంలో ఇశ్రాయేలీయులకి దేవుడు రోజూ కురిపించిన ఆహారం, మన్నా, దాని లెక్కా అదే. తలకు ఒక ఓమెరు, మన కొలతలో రెండు లీటర్లు అటూ ఇటూ. విశ్రాంతి దినం ముందురోజు మాత్రం రెండేసి. మిగతా రోజుల్లో రేపటికని దాచిందంతా పురుగుపట్టి కంపుకొట్టింది. తమరేమో 365 రోజులకీ కలిపి ఒకే రాత్రి కోటా విడుదల చేస్తారు. ఇక రోజూ అడిగే పనేముంది? జనవరి 2కే మోకాళ్లకి సెలవు.

సెలవిస్తే ఇచ్చారు, తమరిని చూసుకుని ధైర్యం చేసేవాళ్లతోనే చిక్కు. ఎకరానికి లక్ష రొయ్యపిల్ల వేసే చెరువులో, ఈ ఏడు తలగా ఉంటానని రెండు లక్షలు వేస్తారు. మేత అప్పుకి. పట్టిన సరుకు ఆ అప్పిచ్చిన డీలరుకే. పగలు ఎండలో ఆక్సిజను ఇచ్చిన నాచే రాత్రంతా దాన్ని పీల్చుకుంటుంది కాబట్టి తెల్లారగట్ల నీళ్లలో ఊపిరి అడుగంటుతుంది. రొయ్య పైకి తేలి గట్ల వెంట చేరుతుంది. సరుకు రెట్టింపైతే ఆ గండం ఇంకా ముందే వస్తుంది. ఆ వేళకి ప్రార్థనకి లేచినవాడు ముందు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు చూసుకుని, కరెంటు పోతే జనరేటరు తిప్పి, ఆ తర్వాత మోకరిస్తే ప్రభువు ఏమీ అనుకోరండి. పని చేయనొల్లనివాడు తినకూడదన్నది కూడా లేఖనమే, 2 థెస్సలొనీక 3:10. ఆ వచనంతో తమరి బంధువులెవరినీ మేం ఇంతవరకూ చూడలేదు.

అసలు మన ప్రాంతానికి ఇది కొత్త పాఠమేం కాదు. 1836లో ఆంథొనీ గ్రోవ్స్ అనే మిషనరీ వెంట ఇంగ్లండు నుంచి సువార్త పనికి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నరసాపురం, పాలకొల్లు వైపు పనిచేసింది జీతమిచ్చే మిషను సొసైటీ వెనక లేకుండానే. ఆ గ్రోవ్స్ బావమరిదే బ్రిస్టల్‌లో అనాథ శాలలు నడిపిన జార్జ్ ముల్లర్. 1830లో జీతం వదులుకున్నాడు. చివరికి 2,000 మందికి పైగా పిల్లల్ని పోషించే స్థితికొచ్చినా అవసరాలు మనుషుల చెవిన వేయలేదు, అప్పు చేయలేదు. కానీ వచ్చిన ప్రతి కానుకా పద్దు రాసి, ఏటేటా లెక్క అచ్చువేసి బయటపెట్టాడు. విశ్వాసం చిట్టా లేని వ్యవహారమని ఆయన అనుకోలేదు.

కాబట్టి తమరి స్థానంలో ఒక పది రూపాయల నోటుబుక్కు పెట్టమని మా మనవి. ఎడమ పేజీలో తేదీ, అవసరం, కొలతతో సహా. "ఆర్థికంగా దీవించు ప్రభువా" అంటే జవాబొచ్చినా గుర్తుపట్టలేం. "బియ్యం 5 కిలోలు, అత్తగారి బీపీ మాత్రలు ఒక షీటు, శనివారం డ్వాక్రా వాయిదా" అని రాస్తే తెలుస్తుంది. కుడి పేజీలో ఇందుకు ఇవాళ నేను చెయ్యాల్సిన పని, ఆపైన జవాబు వచ్చిన తేదీ. నెల తిరిగినా ఖాళీగా ఉన్న గడుల పక్కన యాకోబు 4:3 పెట్టుకుని, అడిగింది అవసరానికా, ఎదురింటివాళ్ల కొత్త బండి చూసా అని ఆరాతీయాలి. కొన్ని అప్పుడూ ఖాళీగానే ఉంటాయి. వాటికి తమరి దగ్గరా జవాబు లేదు, మా దగ్గరా లేదు.

ఇంకో సంగతండి. తమరు హాల్లో వెలిగిపోతుంటే, వంటింటి అరలో పిడికెడు బియ్యం డబ్బా ఒకటుంటుంది. ఎసరు పెట్టిన ప్రతిసారీ వండే బియ్యంలోంచి ఒక పిడికెడు అందులో పడాలి. పిడికెడు 50 గ్రాములనుకుంటే రెండు పూటలకీ కలిపి వారానికి 700 గ్రాములు, 20 ఇళ్లకి 14 కిలోలు. సంఘంలో ఇద్దరు ముగ్గురు విధవరాళ్ల వారం గడిచిపోతుంది. చెడేది ఎక్కడంటే, కుండలోకి సన్నబియ్యం, డబ్బాలోకి కోటా బియ్యం పోసే చోట. లేదా రోజూ మర్చిపోయి ఆదివారం పొద్దున్న గ్లాసుతో లెక్క సరిచేసే చోట. తడిచెయ్యి పెట్టినా, వారం వారం పంచకుండా నెలలు పోగేసినా ముక్కపురుగు ఖాయం. ఆకలిగా ఉన్న సహోదరుడికి "సమాధానంగా వెళ్లు" అని వట్టి మాట చెప్పి పంపితే ఏం ప్రయోజనమని యాకోబు 2:16లో అడిగాడు, తమరికి తెలుసు. తెలిసీ తమరి లాంటి కార్డొకటి చేతిలో పెట్టి పంపేస్తున్నాం.

వచ్చే డిసెంబరుకి ఆర్డరు ఇచ్చే లోపు రెండు మార్పులు చేసుకోండి. వెనక కేలండరు తీసేసి, ఈ వచనానికి పైన పది, కింద పది చదవండి అని వేయించండి. పళ్లెంలో ప్రతి పదింటికీ ఒకటి లూకా 9:23, అనుదినం సిలువ ఎత్తుకోమన్నది, కలపండి. ఆ రాత్రి ఎన్ని వెనక్కి వచ్చాయో లెక్కపెట్టి, జనవరి మొదటి ఆదివారం ప్రకటనల్లో చదివించండి.

ఇట్లు,
తమరి మీద దుమ్ము దులిపే ఒక విశ్వాసి