ఇడ్లీ పిండికి న్యాయం కావాలి

ఈ వ్యాసం ఒక డబ్బాడు ఇడ్లీ పిండి తరఫున రాస్తున్నాను. దానికి నోరు లేదు, ఓటు లేదు, వీసా అంతకన్నా లేదు. దాని పక్షాన మాట్లాడే మనిషి ఈ దేశంలో నేనొక్కదాన్నే.

నాది జగిత్యాల. ఇజ్రాయెల్‌లో టెల్ అవీవ్ పక్కన రమత్ గన్‌లో తొంభై దాటిన ఒక యూదు పెద్దావిడ దగ్గర కేర్‌గివర్‌గా ఉంటున్నాను. ఇంటిల్లిపాదీ ఆమెను ‘సవ్తా’ అంటారు. అమ్మమ్మకూ అదే మాట, నానమ్మకూ అదే మాట. వరసల దగ్గర ఇంత పొదుపుగా ఉన్న జనం, పిండి దగ్గరికొచ్చేసరికి మాత్రం సంపుటాలకు సంపుటాలు రాసిపెట్టుకున్నారు.

తెలుగు బైబిల్లో ‘పస్కా’ అని చదివే పండుగే ఇక్కడి పేసహ్. ఐగుప్తు బానిసత్వం వదిలి ఇశ్రాయేలీయులు బయల్దేరిన రాత్రి పిండి పులిసే తీరిక కూడా లేకపోయిందట, పులియని ముద్దే మూటగట్టుకుని నడిచారని నిర్గమకాండం చెబుతుంది. ఆనాటి హడావిడి ఈ ఇంట్లో ఇప్పటికీ తగ్గలేదు. గోధుమ, బార్లీ, వోట్స్, రై, గోధుమకు చుట్టమైన స్పెల్ట్. ఈ ఐదింటిలో ఏ పిండికైనా నీళ్లు తగిలి 18 నిమిషాలు ఊరికే కూర్చుంటే అది ‘హమేత్స్’. పండుగ ఏడు రోజులూ దాన్ని తినకూడదు, ఇంట్లో ఉంచకూడదు, సొంతదారుగా కూడా ఉండకూడదు. ఆ 18 నిమిషాల్లోపు కలిపి, ఒత్తి, కాల్చి బయటికి తీసిందే మత్సా రొట్టె. మా ఇంట్లో అమ్మ చపాతీ పిండి తడిపి, మీద బట్ట కప్పి, గోడ దగ్గర పక్కింటావిడతో ఒక మాట మాట్లాడి వచ్చేసరికే ధర్మం మంటగలిసిపోయేది.

పండుగ నీసాన్ నెల పౌర్ణమికి. చాలా ఏళ్లలో మన చైత్ర పౌర్ణమీ అదీ ఒకటే. పని మాత్రం నెల ముందు, పూరీం పండుగ అయిన మర్నాడే మొదలవుతుంది. సంక్రాంతికి బూజు దులిపి సున్నం కొట్టినదాన్ని, ఇదెంత అనుకున్నాను. మనం దులిపేది గోడలు. వీళ్లు దులిపేది పుస్తకాలు. ఒక్కో పుస్తకాన్నీ వెన్ను పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి, చదువుతూ చదువుతూ ఎవరో బిస్కెట్ తిన్న పాపాన్ని రాల్చాలి. కోటు జేబులు తిరగేయాలి. మనవడి కారు సీటు విప్పి ఎండలో పెట్టాలి. కంప్యూటర్ కీబోర్డు మీటల మధ్య పుల్లతో గీకాలి. సవ్తా చక్రాల కుర్చీలోంచి చేతికర్రతో చూపిస్తుంది: ‘అక్కడ. కాదు, దాని వెనకాల.’ ఒకరోజు సోఫా కుట్టులోంచి నువ్వుగింజంత తునక దొరికింది. సవ్తా కూతురు దాన్ని గోరు మీద పెట్టుకుని కిటికీ దగ్గరికెళ్లి, కంసాలి వజ్రం చూసినట్టు ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. రొట్టెముక్కా, పెయింటు పెచ్చా తేలలేదు. అనుమానం మీదే శిక్ష పడింది.

‘దుమ్ము హమేత్స్ కాదు, ఇల్లాలు బలి గొర్రెపిల్లా కాదు’ అని ఇక్కడో నానుడి ఉంది. దాన్ని చెప్పేటప్పుడు అందరూ నవ్వుతారు. నవ్వి మళ్లీ ఫ్రిజ్ రబ్బరు సందుల్లో టూత్‌బ్రష్ పెడతారు.

ఇంతకంటే లోతైన విషయం మగవాళ్ల వంతు. ఆడవాళ్లు నెలరోజులు ఇల్లు కడిగాక, పండుగకు ముందు రాత్రి అల్లుడుగారు కొవ్వొత్తి, పక్షి ఈక, చెక్క గరిటె పట్టుకుని హమేత్స్ కోసం గాలింపుకు బయల్దేరతారు. ఇల్లంతా కడిగేశాక ఏం దొరుకుతుంది? అందుకని ఆయన భార్యే పది రొట్టెముక్కలు కాగితాల్లో చుట్టి మూలమూలలా దాచిపెడుతుంది. తను దాచిన దొంగను తన మొగుడే పట్టుకుంటే తనే మెచ్చుకోవాలన్నమాట. పోయినసారి తొమ్మిది దొరికాయి. పదోది ఎక్కడ దాచిందో ఆమే మర్చిపోయింది. రాత్రి పదకొండుకు కొవ్వొత్తి పోయి ఫోన్ టార్చి వచ్చింది, ఈక పోయి చీపురు వచ్చింది, చీపురు నా చేతికి వచ్చింది. చివరికి అది సవ్తా చెప్పులో దొరికింది.

గాలింపు అయ్యాక ఆరమాయిక్ భాషలో ఒక ప్రకటన చదువుతారు. నా కంట పడని హమేత్స్ ఏదైనా మిగిలుంటే అది నాది కాదు, నేలమీది ధూళితో సమానం, అని దాని సారాంశం. అసలు వాళ్ల మూలగ్రంథం తోరా ప్రకారం ఆ ఒక్క మాట చాలట, వెతకడమంతా పెద్దలు పెట్టిన జాగ్రత్త. ఆ ముక్క నెల ముందు ఎవరైనా చెబితే నా నడుము ఈపాటికి నిటారుగా ఉండేది.

ఇప్పుడు నా కక్షిదారు సంగతి. సవ్తా పుట్టిల్లు పోలండ్. అక్కడివాళ్ల ఆచారంలో ఐదు ధాన్యాలతో పాటు బియ్యం, పప్పులు, చిక్కుళ్లు కూడా పండుగకు పనికిరావు. ‘కిత్‌నియోత్’ అని వాటికో ప్రత్యేక వార్డు. అల్లుడుగారిది ఇరాక్ నుంచి వచ్చిన కుటుంబం, వాళ్లు అన్నం తింటారు. కాకపోతే ఆయన తల్లి ఆ బియ్యాన్ని మూడుసార్లు గింజగింజా ఏరుతుంది, పొరపాటున గోధుమగింజ కలిసిందేమోనని. ఆవిడ పక్కన కూర్చుని పళ్లెంలో బియ్యం ఏరుతుంటే నాకు ఊళ్లో ఉన్నట్టే ఉంటుంది. 2015లో అమెరికాలో కన్జర్వేటివ్ అనే యూదు శాఖకు చెందిన రబ్బీల, అంటే మతగురువుల, కమిటీ కిత్‌నియోత్ తినొచ్చని తేల్చింది కదా అని నేనోసారి సవ్తాకు విన్నవించుకున్నాను. ‘అమెరికావాళ్లు ఏదైనా తింటారు’ అని కొట్టిపారేసింది. చేపముద్దల్లో చక్కెర వేసుకు తినే మనిషి అన్న మాటలివి.

అయితే అసలు అవమానం వాళ్ల పాత పండితుల ధర్మచర్చల గ్రంథం తల్ముద్‌లోనే ఉంది. బియ్యం ఎందుకు హమేత్స్ కాదంటే, నానితే అది పులియదట, కుళ్లుతుందట! పేసహ్ గురించిన భాగంలో స్పష్టంగా రాసి ఉంది. రాత్రి రుబ్బి పెడితే తెల్లారేసరికి మూత లేపుకుని పైకొచ్చే పిండిని ఆ పండితులు చూసి ఉంటే ఈ మాట అనేవారా? గుంటూరు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో పస్కా చేసుకునే బెనె ఎఫ్రాయిం యూదులున్నారు, తెలుగువాళ్లు. కనీసం వాళ్లనైనా సంప్రదించి ఉండాల్సింది.

పండుగకు రెండ్రోజుల ముందు నేను ఇడ్లీకి రుబ్బి, వెచ్చగా ఉంటుందని బాల్కనీలో వాషింగ్ మెషిన్ పక్క అలమరలో డబ్బా పెట్టాను. అదే అలమరలోకి అల్లుడుగారు విస్కీ సీసాలు, పాస్తా ప్యాకెట్లు సర్దారు. ఖరీదైన హమేత్స్ పారేయలేరు కాబట్టి యూదులు కానివాళ్లకు అమ్మేస్తారు, పండుగ కాగానే వెనక్కి తీసుకుంటారు. ఆయన ఫోన్‌లో రబ్బీ పేర అధికారపత్రం నింపి, అలమరకు టేప్ వేసి ‘అమ్ముడుపోయింది’ అని రాసి అతికించారు. లోపల నా డబ్బా ఉంది మొర్రో అంటే, మూత తీసి వాసన చూశారు. ‘పిండి. పులిసింది. ఇంకేం కావాలి?’ అన్నారు. పండుగకు అన్నం తినే మనిషి! బియ్యం పులియదని వాళ్ల గ్రంథమే చెప్తోందని వాదించాను. అప్పీలు పండుగ తర్వాత వింటానంది సవ్తా.

ఈ అమ్మకం చిన్నది కాదు. దేశప్రభుత్వపు హమేత్స్‌ను కూడా ఇలాగే రబ్బీలు అమ్ముతారు. ఏళ్ల తరబడి దాన్ని కొన్నాయన అబూ ఘోష్ ఊరి అరబ్బు, జబర్ హుసేన్. అంతకుముందు కొన్నాయనకు తల్లివైపు అమ్మమ్మ యూదురాలని తేలడంతో ఆయన్ను మార్చాల్సి వచ్చిందట. నా పిండికి ఏ ఊళ్లో ఏ యజమాని దొరికాడో మాత్రం నాకెవరూ చెప్పలేదు. అమ్మిన సొమ్ములో నా వాటా ఊసే లేదు.

సేదెర్ రాత్రి, అంటే పండుగ మొదటి రాత్రి విందుకు, అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. బానిసత్వపు చేదుకు గుర్తుగా హార్స్‌రాడిష్ దుంప తురుము, ఇటుకల అడుసుకు గుర్తుగా ఆపిల్, అక్రోటు ముద్ద. చిన్న మనవడు లేచి ‘ఈ రాత్రి మిగతా రాత్రుల్లా ఎందుకు లేదు?’ అని పాట అందుకున్నాడు. ‘ఐగుప్తులో మేం ఫరోకు బానిసలం’ అని అల్లుడుగారు గంభీరంగా చదువుతుంటే, ఆయన భార్య స్వేచ్ఛకు గుర్తుగా పెట్టిన దిండు మీద ఎడమవైపు ఒరిగి గురక పెట్టింది. ఒరిగి తినమనే కదా శాస్త్రం. ఎవరూ లేపలేదు.

ఏడు రోజులు మత్సాతో గడిపాను. ఏడో రోజు సాయంత్రం చుక్కలు పొడిచాయి. పక్కింటి మొరాకోవాళ్లు పండుగ ముగిసిన రాత్రి చేసుకునే మీమూనా వేడుక అంటూ తలుపులు బార్లా తెరిచి, పెనం మీద మూఫ్లేతా రొట్టెలు కాల్చి వెన్న, తేనె రాస్తున్నారు. అల్లుడుగారు బాల్కనీలో టేప్ చించారు. సవ్తా అప్పీలు వినడానికి కుర్చీ తోయించుకుని మరీ వచ్చింది. నేను అందరి ముందూ డబ్బా మూత తీశాను.

ముందు పిల్లవాడు ముక్కు మూసుకున్నాడు. తర్వాత అల్లుడుగారు రెండడుగులు వెనక్కి వేశారు. సవ్తా మాత్రం ముందుకు వంగి, డబ్బాలోకి తేరిపార చూసి, చేతికర్రతో నేలమీద ఒక్కసారి కొట్టింది.

‘కుళ్లింది’ అంది.