బిల్లు ఆపడమూ అప్పే

ప్రభుత్వం మారగానే శ్వేతపత్రం రావడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆనవాయితీ అయింది. 2023 డిసెంబరులో తెలంగాణ శాసనసభ ముందుకు వచ్చిన పత్రం రాష్ట్రం అప్పులను 6.71 లక్షల కోట్ల రూపాయలుగా తేల్చింది. 2024 జులైలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి విడుదల చేసిన పత్రం 9.74 లక్షల కోట్లు అంది. ఆ అంకెల మీద జరగాల్సిన రచ్చంతా జరిగిపోయింది. ఎవరి హయాంలో ఎంత, కార్పొరేషన్ల రుణాలు కలపాలా వద్దా, తలసరి ఎంత పడుతుంది అన్నవి టీవీ చర్చలు చూసేవారందరికీ కంఠతా వచ్చు. వాటి మధ్య నలిగిపోయిన పద్దు ఒకటుంది. చేసిన పనికి, అందించిన సేవకు చెల్లించకుండా ఆపిన బిల్లులు. తెలంగాణ పత్రంలోనే ఇవి 40 వేల కోట్ల పైచిలుకు. పాత ప్రభుత్వం చేసిన నేరంగా వాటిని చదివి వినిపించిన కొత్త ప్రభుత్వం, ఏడాది తిరగకముందే అదే పద్దులో తన వంతు జమ చేయడం మొదలుపెట్టింది.

రాబడి తగ్గినప్పుడు, రేపు ఏమవుతుందో తెలియనప్పుడు మన రాష్ట్రాలు పట్టే మొదటి దారి రిజర్వు బ్యాంకుకు పోదు, బాండ్ల మార్కెట్టుకూ పోదు. పని చేసినవారి డబ్బు తొక్కిపెట్టడమే ఆ దారి. దీన్ని పాలనాపరమైన జాప్యం అంటున్నాం. నా లెక్కలో ఇది రుణం. ఒప్పంద పత్రం లేని, వడ్డీ లేని, ఇచ్చేవాడి అనుమతి అక్కరలేని రుణం. ఆర్థిక మంత్రులందరికీ ఇష్టమైన రుణం కూడా ఇదే.

ఎందుకంటే ఇది లెక్కల్లో కనిపించదు. ప్రభుత్వ ఖాతాలు నగదు పద్ధతిలో నడుస్తాయి. ఖజానా నుంచి డబ్బు కదిలిన రోజునే అది ఖర్చు. రోడ్డు వేసి ఏడాదైనా, ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగి ఎనిమిది నెలలైనా, చెల్లింపు జరగనంత వరకు ద్రవ్యలోటు మీద దాని నీడ కూడా పడదు. బ్యాంకులో బాకీ లేదని చెప్పుకుంటూ కిరాణా కొట్టులో ఖాతా పెంచుకుంటూ పోయే ఇంటి యజమాని మనకు తెలుసు. తేడా ఏమిటంటే, కొట్టువాడు సరుకు ఆపేయగలడు.

ఒక బిల్లు ప్రయాణం చూడండి. ఊళ్లో మురుగు కాలువ కట్టారు. అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) వచ్చి కొలిచి కొలతల పుస్తకమైన ఎంబీలో రాశారు, పై ఇంజినీరు డీఈ సరిచూశారు. బిల్లు ట్రెజరీకి వెళ్లింది, టోకెన్ నంబరు పడింది. ఆ నంబరు చూసుకుని కట్టినవాడు సంబరపడతాడు. తర్వాత కంప్యూటర్లో చూస్తే బిల్లు ఈ-కుబేర్‌లో పెండింగ్ అని ఉంటుంది. రిజర్వు బ్యాంకు చెల్లింపుల వ్యవస్థ అంచు దాకా వెళ్లి ఆగిందన్నమాట. అక్కడి నుంచి దాన్ని కదిలించే మీట ఏఈ దగ్గర లేదు, ట్రెజరీ అధికారి దగ్గర లేదు, జిల్లా కలెక్టరు దగ్గర కూడా లేదు. హైదరాబాద్‌లోనో అమరావతిలోనో ఆర్థిక శాఖ దగ్గర ఉంది. ఏ బిల్లును ఏ రోజు వదలాలన్నదానికి ప్రజలకు తెలిసిన నియమం ఏదీ లేదు. ఇంతలో మార్చి 31 వస్తుంది. కదలని బిల్లు ల్యాప్స్ అవుతుంది. ఏప్రిల్‌లో మళ్లీ కాగితాలు, మళ్లీ సంతకాలు, మళ్లీ కొత్త టోకెన్. పని పాతదే, కాలువలో నీళ్లు పారుతూనే ఉంటాయి.

ఆ ఏడాదంతా కాలువ కట్టినవాడు ఏం చేస్తాడు? సిమెంటు కొట్టుకు, కూలీలకు, ట్రాక్టరు యజమానికి ఇవ్వాలి కాబట్టి నూటికి రెండు రూపాయలకో మూడు రూపాయలకో అప్పు తెస్తాడు. అంటే ఏడాదికి 24 నుంచి 36 శాతం వడ్డీ. ప్రభుత్వం అదే డబ్బును రిజర్వు బ్యాంకు నడిపే మంగళవారం వేలంలో బాండ్లు అమ్మి తెచ్చుకుంటే ఏడు, ఏడున్నర శాతం దగ్గర దొరుకుతుంది. రాష్ట్రంలో అందరికంటే చవగ్గా అప్పు పుట్టేది ప్రభుత్వానికి. అది తన అప్పును అందరికంటే ఖరీదుగా అప్పు తెచ్చుకునేవాడి నెత్తిన పెడుతోంది. దీనికి పొదుపు అని పేరు పెట్టడం నాకు చేతకాదు.

కోవిడ్ కాలంలో ఈ అలవాటు ముసుగు లేకుండా బయటపడింది. 2020 మార్చి చివర రెండు రాష్ట్రాలూ ఒకరి వెంట ఒకరు ఉత్తర్వులిచ్చి ఉద్యోగుల జీతాల్లో సగం దాకా ఆపాయి. పింఛన్లనూ వదల్లేదు. ఆంధ్రప్రదేశ్ విషయం కోర్టుకెక్కింది. ఆపిన మొత్తాన్ని 12 శాతం వడ్డీతో ఇవ్వాలని హైకోర్టు చెబితే, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది. కానీ వడ్డీ అనే సూత్రాన్ని కొట్టివేయలేదు. తెలంగాణ మరో దారి పట్టింది. జీతం, పింఛను వాయిదా వేసే అధికారం కోసం 2020 జూన్‌లో ఏకంగా ఆర్డినెన్సే తెచ్చుకుంది. ఒక రాష్ట్రం కోర్టులో ఓడింది, ఇంకో రాష్ట్రం కోర్టుకు దొరకకుండా చట్టం రాసుకుంది. ఇద్దరూ నేర్చుకున్న పాఠం మాత్రం ఒకటే: సంఘాలున్న ఉద్యోగుల జీతం జోలికి వెళితే గొడవ, గొంతు లేనివారి బిల్లు జోలికి వెళితే ఏ గొడవా ఉండదు.

పదవీ విరమణ వయసు కథా ఇలాంటిదే. తెలంగాణ 2021లో దాన్ని 58 నుంచి 61కి పెంచింది. ఆంధ్రప్రదేశ్ 2022లో 60 నుంచి 62కి పెంచింది. అనుభవజ్ఞుల సేవలు అవసరమన్నారు. అసలు సంగతి సచివాలయంలో బంట్రోతుకు కూడా తెలుసు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగం ముందే ఒకేసారి తీసుకోవడం), లీవు ఎన్‌క్యాష్‌మెంట్ కింద ఒకేసారి ఇవ్వాల్సిన డబ్బు మరికొన్నేళ్లు వెనక్కి పోయింది. తెలంగాణలో మూడేళ్లపాటు దాదాపు ఆగిపోయిన పదవీ విరమణలు 2024 మార్చి చివర మళ్లీ మొదలయ్యాయి. వాయిదా వేసిన ప్రభుత్వం అప్పటికే ఇంటికి వెళ్లింది. మూడు దశాబ్దాలు పని చేసి దిగిపోయినవారు కూతురి పెళ్లికో ఇంటి బాకీకో నమ్ముకున్న సొమ్ము కోసం హైకోర్టులో రిట్లు వేయాల్సి వచ్చింది.

ఎవరికి ముందు ఇస్తున్నారో చూస్తే అసలు బడ్జెట్ అర్థమవుతుంది. శాసనసభలో చదివే బడ్జెట్ వేరు. తెలంగాణ శ్వేతపత్రం ప్రకారమే, ప్రకటించిన బడ్జెట్లలో నిజంగా ఖర్చయింది సగటున ఐదింట నాలుగు వంతుల దగ్గర. ఆ మిగిలిన వంతు ఎవరి వాటాలోంచి పోయిందన్నదే రాజకీయం. రిజర్వు బ్యాంకు మాట రాష్ట్రం జవదాటదు. ఆ బ్యాంకు దగ్గర పరిమితికి మించి వాడుకునే ఓవర్‌డ్రాఫ్టు వరుసగా 14 పని దినాలు దాటితే చెల్లింపులే ఆగిపోతాయి. బాండ్లు కొన్నవారికి గంట ఆలస్యం కాదు. ముఖ్యమంత్రి మీట నొక్కే పథకాలకు తేదీ ప్రకటించి మరీ ఇస్తారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీలకు, ఆరోగ్యశ్రీ ఆసుపత్రులకు, చిన్న కాంట్రాక్టర్లకు మాత్రం తేదీ ఉండదు. 2025లో తెలంగాణలో ఆసుపత్రులు సేవలు ఆపాయి, కాలేజీలు బంద్ పెట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ వైద్య సేవల ట్రస్టు బకాయిల మీద ఆసుపత్రులు అదే పని చేశాయి. ఆందోళన మొదలయ్యాక కొన్ని వందల కోట్లు విడుదల చేస్తామని హామీ వస్తుంది. డబ్బు లేదన్నది నిజమే అయితే అది బంద్ మర్నాడు ఎక్కడి నుంచి వస్తుంది?

నా వాదనకు ఇంతకంటే గట్టి రుజువు విద్యుత్తు రంగంలో ఉంది. 2022 జూన్ నాటికి దేశంలోని డిస్కంలు, అంటే విద్యుత్తు పంపిణీ సంస్థలు, విద్యుదుత్పత్తి సంస్థలకు దాదాపు 1.4 లక్షల కోట్లు బాకీ పడ్డాయి. ఏళ్ల తరబడి కదలని బాకీలవి. కేంద్రం ఆలస్య చెల్లింపు నిబంధనలు తెచ్చింది. పాత బాకీకి వాయిదాలు కట్టుకోండి, కొత్త బిల్లు గడువు దాటితే విద్యుత్తు ఎక్స్ఛేంజీలో కరెంటు కొననివ్వం అంది. ఆ ఆగస్టులో నిషేధం పడిన 13 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో మన రెండూ ఉన్నాయి. రాష్ట్రాలు గగ్గోలు పెట్టాయి, సమాఖ్య స్ఫూర్తి గుర్తు చేశాయి, ఆపైన కట్టాయి. రెండేళ్లలో ఆ కొండలో పెద్ద భాగం కరిగిపోయింది. అవే డిస్కంలు, అవే ఖజానాలు, అవే కష్టకాలపు మాటలు. మారింది ఒక్కటే, ఆలస్యానికి వెల పడింది. వెల పడిన చోట డబ్బు దొరికింది.

దీనికి ఆర్థిక శాఖల సమాధానం నాకు తెలుసు. జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల చేతిలో మిగిలినవి మద్యం, పెట్రోలు, రిజిస్ట్రేషన్లు. జీఎస్టీ పరిహారం 2022 జూన్‌తో ఆగిపోయింది. రాజ్యాంగం 293వ అధికరణ కింద కేంద్రం అనుమతి లేకుండా అప్పు చేయలేరు, ఇప్పుడు కార్పొరేషన్ల అప్పునూ ఆ పరిమితిలోనే కలుపుతున్నారు. జీతాలు, పింఛన్లు, వడ్డీలు పోగా చేతిలో మిగిలేది కొంచెం. దాన్ని సర్దుకోవడానికి బిల్లుల వాయిదా ఒక్కటే వెసులుబాటు. ఇందులో ఏదీ అబద్ధం కాదు. కానీ ఇవన్నీ తక్కువ పనులు మంజూరు చేయడానికి కారణాలు. మంజూరు చేసి, చేయించుకుని, డబ్బు ఎగవేయడానికి కారణాలు కావు. డబ్బు వచ్చిన ఏడాదైనా ఈ వరస మారిందా? 2023 ఆగస్టులో తెలంగాణ 2,620 మద్యం దుకాణాలకు గడువు కంటే మూడు నెలల ముందే దరఖాస్తులు పిలిచి, తిరిగి ఇవ్వని రెండు లక్షల రుసుము మీదే 2,600 కోట్లకు పైగా పోగేసింది. అదే నెలలో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటింది, ఆ వేలం ఒక్కటే 3,300 కోట్లు తెచ్చింది. నాలుగు నెలల తర్వాత వచ్చిన శ్వేతపత్రంలో 40 వేల కోట్ల బిల్లులు అలాగే ఉన్నాయి.

చెల్లించకపోవడం వల్ల చివరికి ప్రభుత్వమూ ఎక్కువే కడుతుంది. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో రోడ్ల మరమ్మతులకు టెండర్లు పిలిస్తే చాలాచోట్ల కాంట్రాక్టర్లు ముందుకు రాలేదు. పాత బకాయిలు గుర్తున్నాయి కాబట్టి. వచ్చేవాడు కూడా రెండేళ్ల వడ్డీ ముందే లెక్కగట్టుకుని ధర వేస్తాడు, లేదా సిమెంటులో తగ్గిస్తాడు. చిన్నవాడు పోటీ నుంచి తప్పుకుంటాడు. రెండేళ్లు ఆగగలిగినవాడు, ఆగకుండా తెప్పించుకోగలిగినవాడు మిగులుతారు. వరస లేని చోట పలుకుబడికీ పర్సెంటేజీకీ గిరాకీ పెరగడం ఎవరూ ఆపలేరు.

ఇక ఈ వ్యవస్థ అడుగున ఎవరున్నారో చెప్పాలి. గ్రామ పంచాయతీలు. రాష్ట్రాలు ఢిల్లీని ఏమని తిడతాయో, పంచాయతీలకు సరిగ్గా అదే చేస్తాయి. పన్నుల్లో వాటా సరిగా రావడం లేదని, గ్రాంట్లకు షరతులు పెడుతున్నారని, మా డబ్బు మాకు ఇవ్వడానికి సతాయిస్తున్నారని రెండు రాష్ట్రాల నేతలూ కేంద్ర, రాష్ట్రాల మధ్య పన్నుల పంపకం తేల్చే ఆర్థిక సంఘం ముందు బల్లగుద్ది చెబుతారు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన నిధులను కరెంటు బకాయిల కింద సర్దేసింది. సర్పంచులు బ్యాంకు ఖాతా చూసుకుని ఖాళీగా ఉందని రోడ్డెక్కారు. తెలంగాణలో పల్లె ప్రగతి పేరుతో వైకుంఠధామం (శ్మశానవాటిక), డంపింగ్ యార్డు, ప్రకృతి వనం గడువులోగా కట్టి తీరాలన్నారు. కట్టకపోతే నోటీసులిచ్చారు, సస్పెన్షన్ల దాకా వెళ్లారు. భార్య మెడలో బంగారం కుదువపెట్టి కట్టినవారి పదవీకాలం 2024 జనవరి చివర ముగిసింది. బిల్లులు ముగియలేదు. తర్వాత దాదాపు రెండేళ్లు ఎన్నికలే పెట్టలేదు. ఎన్నికైన పాలకవర్గం లేదు కాబట్టి ఆర్థిక సంఘం గ్రాంట్లు ఆగాయి. 2025 డిసెంబరులో గెలిచిన కొత్త సర్పంచి కుర్చీలో కూర్చునేసరికి ఎదురుగా పాత సర్పంచి ఎంబీ నకలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

విచిత్రం ఏమిటంటే, పరిష్కారం ఇప్పటికే కాగితం మీద ఉంది, అదీ పంచాయతీల విషయంలోనే. ఆర్థిక సంఘం గ్రాంటు కేంద్రం నుంచి అందిన పది పని దినాల్లో రాష్ట్రం దాన్ని స్థానిక సంస్థలకు బదిలీ చేయాలి, ఆలస్యమైతే తాను మార్కెట్లో అప్పు తెచ్చుకునే రేటు మీద వడ్డీ కట్టాలి. 15వ ఆర్థిక సంఘం పెట్టిన షరతు ఇది. కేంద్రం డబ్బుకు ఉన్న ఈ షరతు రాష్ట్రం సొంత బిల్లులకు ఎందుకు ఉండకూడదు? టోకెన్ పడిన రోజు నుంచి 90 రోజుల గడువు పెట్టుకోండి, పది రోజులని అడగడం లేదు. ఆ తర్వాత వడ్డీ మొదలవ్వాలి. టోకెన్లన్నీ తేదీల వరసన వెబ్‌సైటులో ఉండాలి. ఏ బిల్లు అయినా వరస దాటి ముందుకు వెళితే కారణమూ, సంతకం పెట్టిన అధికారి పేరూ పక్కనే ఉండాలి. బడ్జెట్‌తో పాటు ఏటా సభ ముందు పెట్టే ద్రవ్య బాధ్యత పత్రంలో చెల్లించని బిల్లుల మొత్తం అప్పుల పట్టికలోనే చేరాలి. టోకెన్ నంబర్లు ఇప్పటికే కంప్యూటర్లో ఉన్నాయి కనుక దీనికి కొత్త శాఖ, కొత్త సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు బకాయిలు చెల్లించాలని అడగని పార్టీ రెండు రాష్ట్రాల్లోనూ అరుదు. వచ్చే బడ్జెట్ సమావేశంలో ఒక సవరణ బిల్లు పెట్టి, ఎవరు వ్యతిరేకంగా ఓటు వేస్తారో చూడవచ్చు.