టీఎంసీల్లో లెక్కకు రాని తడి

శనగ చేను ఎండుతోందంటే కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ రైతు ముందు పరిగెత్తేది మందుల దుకాణానికే. అక్కడ ‘ఎండు తెగులు’ అంటారు, ఓ ప్యాకెట్ చేతిలో పెడతారు. తప్పు ఆ పేరు దగ్గరే మొదలవుతోంది. ఎండలు ముదిరి, నేలలో తడి ఆరిపోయాక వచ్చే వేరుకుళ్లుకు మందు కొట్టడమంటే, పస్తులుండి పడిపోయిన మనిషికి జ్వరం బిళ్ల ఇవ్వడమే.

మొన్న జనవరి ఆఖరులో మానవపాడు వైపు ఓ చేనులోకి దిగాను. పచ్చటి చెట్ల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి గడ్డి రంగుకు తిరిగి, కాయలతోనే నిలబడి ఉన్నాయి. ఒకటి పీకితే పైభాగం చేతికొచ్చింది. తల్లివేరు పుటుక్కున విరిగి సగం నేలలోనే ఉండిపోయింది. పిల్లవేర్లు ఒక్కటీ లేవు. మిగిలిన ముక్క మీద బెరడును గోటితో గీకితే లోపల మసి చల్లినట్టు నల్లటి చుక్కలు. ఆ చుక్కలే అసలు దొంగలు. వేరుకుళ్లు తెచ్చే మాక్రోఫోమినా అనే శిలీంధ్రానికి అవే విత్తనాలు, ఏళ్ల తరబడి మట్టిలో పడి ఉండి అదను కోసం చూస్తాయి.

అదను అంటే ఏమిటో తెలిస్తే వ్యవహారమంతా అర్థమవుతుంది. మామూలు ఎండు తెగులు తెచ్చేది ఫ్యుజేరియం అనే మరో శిలీంధ్రం. దానికి 25 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండే నేల చాలు. కాండం నిలువుగా చీలిస్తే లోపల నల్లటి చార కనిపిస్తుంది. మాక్రోఫోమినాకు 30 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి, నేల పొడిగా ఉండాలి. బెట్ట తగిలిన చెట్టు పూత, కాయ నిలుపుకోవడానికే కొట్టుకుంటుంది, వేరును కాపాడుకునే సత్తువ దానికి మిగలదు. తడి ఉన్న మట్టిలో ఈ శిలీంధ్రాన్ని అణచిపెట్టే సూక్ష్మజీవులు కూడా ఆ పొడిలో నీరసిస్తాయి. కాపలావాళ్లు పడుకున్నారు, ఇంటాయన మంచం పట్టాడు, ఇంక దొంగకు అడ్డేముంది? శనగలో జేజీ-11 ఎండు తెగులును తట్టుకునే రకమే, కందిలో ఆశ కూడా అంతే. అయితే అవి తట్టుకునేది ఫ్యుజేరియంను. విత్తనం మోసం చేసిందని రైతు తిట్టుకుంటాడు గానీ, ఇక్కడ శత్రువే మారాడు.

విత్తనశుద్ధి చేయండి, తెగుళ్లను అణిచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా కలపండి, మొదళ్లు తడిసేలా కాపర్ ఆక్సీక్లోరైడ్ పోయండి అని శాస్త్రవేత్తలు చెబుతారు. కాదనను. విత్తనశుద్ధి మొలక దశలో కాపాడుతుంది, ఖర్చూ తక్కువే. కానీ ఆ రక్షణ జనవరి ఎండదాకా నిలుస్తుందా? ఇక మొదళ్లలో మందు పోసే మాటకు ఆ చేను పెద్దాయన చెప్పిన జవాబుకు మించి నేను చెప్పేదేం లేదు: “మందుల కలిపేటన్ని నీళ్లుంటే చేనుకే పెడుదుము గద సార్!”

నీళ్ల మాట వచ్చింది కాబట్టి అసలు సంగతికి వస్తా. దక్షిణ తెలంగాణలో నీళ్లంటే టీఎంసీలే. రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్డీఎస్)లో మన వాటా 15.9 టీఎంసీలని ఇక్కడ పశువులు కాసే పిల్లాడు కూడా చెబుతాడు. 2015లో శంకుస్థాపన జరిగిన పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకం గురించి ఎన్నికల సభల్లో ఎన్ని గంటలు విన్నామో లెక్కలేదు. ఆ నీళ్లు రావాలి, నా కంటే గట్టిగా అడిగేవాళ్లుంటే రమ్మనండి. కానీ వచ్చిన నీళ్లు వరి మళ్లలోకి పోతాయే తప్ప కంది, శనగ చేల గడప తొక్కవు. వాటికి దిక్కు వాన కురిసినప్పుడు మట్టి పట్టి ఉంచుకున్న తడి ఒక్కటే. అది ఏ టీఎంసీ లెక్కలోనూ ఉండదు, దానికి శిలాఫలకం వేయలేరు, కాబట్టి దాని గురించి ఏ నాయకుడూ మాట్లాడడు.

ఆ తడిని పట్టి ఉంచేది మట్టిలో కలిసిన పెంట, ఆకు అలం. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక పెంటకుప్పలు కరిగిపోయాయి. కోసిన కట్టెకు నిప్పు పెడుతున్నాం. గొర్రెలకు పేరుమోసిన పాలమూరులో చేలల్లో మందలు పెట్టించుకోవడం కూడా తగ్గిపోయింది. 2017లో గొల్ల, కురుమలకు తలా 20 గొర్రెలు, ఒక పొట్టేలు అని పథకం పెట్టినప్పుడు అందరూ మాంసం లెక్క వేశారు. ఆ గొర్రెలు చేలో పడుకుంటే మట్టికి ఏం మిగులుతుందో లెక్క వేసిన ప్రకటన ఒక్కటీ నా కంట పడలేదు.

కంది సాళ్ల మధ్య జొన్న వేసే పాత పద్ధతినీ అలాగే పారేసుకున్నాం. జొన్న కలిపితే కందిలో ఎండు తెగులు తగ్గుతుందని పటాన్‌చెరు ఇక్రిశాట్ పరిశోధన సంస్థ పొలాల్లో ఏనాడో తేలింది. ఒక మెలిక ఉంది, దాచను: జొన్న కాండాన్ని కుళ్లబెట్టేది కూడా ఈ మాక్రోఫోమినాయే. అందుకే ఒక్క పంట మార్చి చేతులు దులుపుకుంటే కుదరదు, మట్టిలో పెంట పడాల్సిందే.

వచ్చే వానాకాలం ఏం వేస్తావని బయల్దేరే ముందు పెద్దాయనను అడిగాను. శనగతో విసిగిపోయాడట, పత్తి పెడతానన్నాడు. ఆ నల్లటి చుక్కలకు పత్తి వేరు కూడా పనికొస్తుందని చెప్పాను. నమ్మినట్టు లేడు.