ఒకే డ్రిల్‌కి నాలుగు రేట్లు ఎందుకు?

ఒకే కంపెనీ, ఒకే రంగు, ఫోటోలో చూస్తే అచ్చం ఒకేలా ఉండే కార్డ్‌లెస్ డ్రిల్. నలుగురు డీలర్లని అడిగితే నాలుగు రేట్లు చెప్తారు. తేడా కూడా చిన్నదేం కాదు, ఒక్కోసారి ఒకరు చెప్పినదాంట్లో సగానికే ఇంకొకరు ఇస్తామంటారు. ఇంకేముంది, ఎక్కువ చెప్పినవాడు దోచుకుంటున్నాడని తేల్చేసి తక్కువ చెప్పినచోట ఆర్డర్ పెట్టేస్తాం. నేను సూటిగా చెప్పేదేంటంటే, ఈ తేడాలో పెద్ద భాగం డీలర్ వేసుకున్న లాభం కాదు, పెట్టెలో ఉన్న సరుకులోనే తేడా. అది తీసేశాక మిగిలేదే డీలర్‌కీ డీలర్‌కీ మధ్య అసలు తేడా. అందులోనూ కొంత ఇష్టపడి కట్టాల్సిన డబ్బే, ముఖ్యంగా ఆ మిషన్ మీదే కూలి సంపాదించుకునేవాళ్లు.

ముందు మోడల్ నంబర్ చివర ఉండే అక్షరాలు చూడాలి, రేటు తర్వాత. మకిటా కంపెనీలో డీహెచ్‌పీ484జెడ్ అంటే ఒట్టి మిషన్, బ్యాటరీ లేదు, చార్జర్ లేదు. అదే డీహెచ్‌పీ484ఆర్‌టీజే అంటే 5 ఆంపియర్-అవర్ (బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీలు రెండు, చార్జర్, మోసుకెళ్లే పెట్టెతో సహా. డివాల్ట్‌లో చివర డీ2 ఉంటే 2 ఆంపియర్-అవర్ బ్యాటరీలు రెండు, పీ2 ఉంటే 5 ఆంపియర్-అవర్‌వి రెండు, ఒట్టి మిషన్‌కైతే యూరప్‌లో ఎన్, అమెరికాలో బీ. కార్డ్‌లెస్ సెట్ ఖర్చులో బ్యాటరీల వాటా చాలా పెద్దది కాబట్టి, ఆ ఒక్క అక్షరంతోనే రేటు ఎక్కడికో పోతుంది. డీలర్‌కి ఫోన్ చేసి “డ్రిల్ ఎంత?” అని అడిగితే ఉపయోగం లేదు, పూర్తి కోడ్ చదివి అడగాలి, కోటేషన్‌లో కూడా అదే కోడ్ రాయించుకోవాలి. అమెరికాలో 20 వోల్ట్ మ్యాక్స్ అని అమ్మే డివాల్ట్, యూరప్‌లో 18 వోల్ట్ అని అమ్మేది, రెండింట్లోనూ బ్యాటరీ అమరిక ఒకటే: 3.6 వోల్ట్ సెల్స్ ఐదు వరుసగా కలిపితే 18, ఫుల్‌గా చార్జ్ అయిన క్షణంలో కొలిస్తే 20. రెండు వోల్టులు ఎక్కువని ఎవరైనా అదనంగా అడిగితే ఇవ్వకండి. బాష్‌లో నీలం రంగువి పనివాళ్ల కోసం, ఆకుపచ్చవి ఇంటి వాడకానికి, ఒకదాని 18 వోల్ట్ బ్యాటరీ ఇంకోదానికి ఎక్కదు. ఈ రెండింటి రేట్లు పక్కపక్కన పెట్టి బేరమాడేవాళ్లు చాలామందే ఉన్నారు.

సరే, కోడ్ అక్షరం అక్షరం ఒకటే, అయినా రేటు వేరు. ఇక్కడ డీలర్ల లెక్కలు మొదలవుతాయి. ఎక్కువ సరుకు ఎత్తినవాడికి కంపెనీ స్లాబ్ ప్రకారం వెనక్కి డబ్బు ఇస్తుంది, ఆ టార్గెట్‌కి కొద్ది దూరంలో ఆగిపోయినవాడు గడువు ముగిసేలోపు మార్జిన్ వదులుకునైనా అమ్మేస్తాడు. అందుకే మూడు నెలల లెక్క ముగిసే రోజుల్లో అడగడం మంచిది. కొత్త తరం మోడల్ వస్తే పాతది ఖాళీ చేస్తారు. నిజమైన బేరం అదే, నా దృష్టిలో నిశ్చింతగా కొనాల్సిన తక్కువ రేటు కూడా అదే. ఇంతకంటే తగ్గించి ప్రకటన ఇవ్వకూడదని కంపెనీలే డీలర్లకి షరతు పెట్టేచోట్ల అందరి బోర్డు మీదా ఒకే అంకె కనబడుతుంది. అలాంటప్పుడు రేటు తగ్గించమని పట్టుబట్టే బదులు అదనంగా ఒక బ్యాటరీ అడిగితే పని అవుతుంది.

అంతా చూశాక కూడా ఒకచోట రేటు అందరికంటే మూడో వంతు తక్కువ ఉంటే ఆగాలి. అది వేరే దేశం కోసం తయారైన సరుకు కావచ్చు. అప్పుడు చార్జర్ ఇక్కడి కరెంటుకి సరిపోకపోవచ్చు, వారంటీ ఆ దేశంలోనే చెల్లవచ్చు. లేదా నకిలీ కావచ్చు, అందులోనూ బ్యాటరీలైతే మరీ ప్రమాదం. దీనికి చేతిలో పెట్టుకుని చూసుకోగల పరీక్ష ఒకటుంది. 18650 సైజు (18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు) సెల్స్‌తో చేసే 18 వోల్ట్, 5 ఆంపియర్-అవర్ ప్యాక్‌లో పది సెల్స్ ఉండాలి, ఒక్కోటి దాదాపు 45 గ్రాములు, అంటే పై డొప్ప కాకుండా సెల్స్ బరువే 450 గ్రాముల దాకా రావాలి. మీ చేతిలో ఉన్న ప్యాక్ మొత్తం బరువే అంతకంటే తక్కువ తూగితే లోపల ఐదు సెల్సే పెట్టి పైన 5 అని స్టిక్కర్ అంటించారని అనుమానించాల్సిందే. సెల్ వేడిని, చార్జ్‌ని కనిపెట్టే సర్క్యూట్ సరిగా లేని ప్యాక్ చార్జర్ మీదే మంట పట్టొచ్చు. ఈ ఒక్క విషయంలో బేరం కోసం తిరగొద్దని నేను బతిమాలి చెప్తాను.

ఇక సర్వీసు. ఇనుము కోసే గ్రైండర్‌కి కార్బన్ బ్రష్‌లు (మోటర్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అరుగుతాయి, అవి చవక, ఎవరైనా మార్చుకోవచ్చు. ఆర్మేచర్, అంటే మోటర్‌లో తిరిగే ఆ చుట్టల భాగం, కాలితే అలా కాదు, స్పేర్ దొరకాలి, మార్చే మనిషి ఉండాలి. వారం రోజులు మిషన్ మూలన పడితే పోయిన కూలి ముందు, కొన్నప్పుడు మిగిలిన డబ్బు ఎంత? అందుకే రేటు అడిగినప్పుడే ఇంకో రెండు అడగాలి: వారంటీలో పాడైతే మీరే పంపిస్తారా, నేనే సర్వీస్ సెంటర్ వెతుక్కోవాలా? ఈ మోడల్ స్విచ్ గానీ ఆర్మేచర్ గానీ మీ దగ్గర ఉందా? దీనికి నీళ్లు నమిలే డీలర్ రేటు తక్కువైనా నాకొద్దు. సరైన బిల్లు, దాని మీద సీరియల్ నంబర్ ఇచ్చేవాడికి నాలుగు డబ్బులు ఎక్కువే ఇస్తాను. నెలకోసారి గోడకి మేకు బదులు స్క్రూ బిగించేవాళ్లకి ఇంత అక్కర్లేదు, వాళ్లు ఆన్‌లైన్‌లో అధీకృత విక్రేత పేరు చూసుకుని తక్కువ రేటుకి కొనుక్కోవచ్చు.

అన్నీ ఒకే చోట కొనాలనే నియమం కూడా లేదు. కార్డ్‌లెస్‌లో మొదటి సెట్ మాత్రం నమ్మకమైన డీలర్ దగ్గర తీసుకోవాలి, ఎందుకంటే మీరు అప్పుడు కొంటున్నది బ్యాటరీ కుటుంబాన్ని, అంటే ఒకే బ్యాటరీ ఎక్కే మిషన్ల వరుసని. మకిటా 18 వోల్ట్ ఎల్ఎక్స్‌టీ అనే కుటుంబం 2005 నుంచి నడుస్తోంది, కానీ ఆ బ్యాటరీ అదే కంపెనీ 40 వోల్ట్ మిషన్లకి ఎక్కదు. ఇలాంటివి ముందే చెప్పే మనిషి కావాలి. తర్వాత అదే కుటుంబంలో ఒట్టి మిషన్లు అధీకృత విక్రేతల్లో ఎక్కడ తక్కువైతే అక్కడ. బిట్లు, బ్లేడ్లు కూడా అంతే. గ్రైండర్‌కి బిగించే కటింగ్ డిస్కులకి మాత్రం ఒక జాగ్రత్త ఉంది. మధ్యలో ఉండే ఇనుప రింగు మీద గడువు ముగిసే నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి, రెజిన్ (జిగురు) తో అతికించి చేసే డిస్కుకి మామూలుగా తయారైన దగ్గర్నుంచి మూడేళ్లే గడువు. 100 మిల్లీమీటర్ల డిస్కు నిమిషానికి 15,000 చుట్లు దాటేదాకా తిరగొచ్చు, ఆ వేగంలో పాతబడిన డిస్కు పగిలితే ముక్క ముఖానికే వస్తుంది. డిస్కుల పెట్టె సగం రేటుకి పెట్టారంటే ముందు ఆ రింగు మీద తేదీ చదవండి, గడువు దాటితే ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.